పదమూడవ యేట ఆగిన ఆట

హైదరాబాదు నగరములో ఆబిడ్స్ నుండి బషీర్‌బాగ్ వైపు పోవు త్రోవలో గన్‌ఫౌండ్రీ అను పేట కలదు. పేరు ఇంగ్లీషుదైనను దాని వెనుకనున్న కథ ఒక ఫ్రెంచివానిది. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగములో నిజాము కొలువున సేనానిగానుండిన మూస్యే రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పినాడు. పాతబస్తీ వృద్ధులు దీనిని 'తోప్ కా సాంచా' అని పిలిచెడివారు. ఫిరంగుల మ్రోత అణగి రెండు శతాబ్దములు దాటినది. నేడు ఆ పేటలో వినవచ్చునది బడిగంటల మ్రోత. 1855లో స్థాపితమైన ఆల్ సెయింట్స్ బాలుర పాఠశాల అక్కడనే ఉన్నది. 1904 నాటి రోజరీ కాన్వెంటును, 1907 నాటి మహబూబియా బాలికల పాఠశాలయు అక్కడివే. వీనికి కూతవేటు దూరములో ఫతే మైదానమున్నది. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సైన్యము అక్కడ విడిది చేసినదనియు, విజయమునకు గురుతుగా ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. 1967లో దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టినారు.

బాలుర బడి, బాలికల బడులు, మైదానము - ఈ మూడును ఇంత చేరువగానున్న పేటలు నగరములో అరుదు. అయినను బడి నుండి మైదానమునకు పోవు బాట అందరికి ఒక్క తీరుగా ఉండదు. ఆల్ సెయింట్స్‌లో చదివిన మహమ్మద్ అజారుద్దీన్ భారత క్రికెట్ జట్టుకు నాయకుడైన సంగతి బాలురకెల్ల తెలియును. బాలునికి ఆ బాట తిన్నగా కనిపించును. బాలికకో, అది కొంత దూరము సాగి, ఉన్నట్టుండి ఆగిపోవును. ఎక్కడ ఆగుచున్నది, ఎందువలన ఆగుచున్నది అను ప్రశ్నకు సమాధానము వెదకబోయిన, సముద్రములు దాటి ఆస్ట్రేలియా వరకు పోవలసివచ్చును. అక్కడ ఎరిన్ ఫిలిప్స్ అను క్రీడాకారిణి జీవితమే దానికి సమాధానము.

ఆ దేశమునకును, ఈ నగరమునకును ఫుట్‌బాల్ ద్వారా పాత చుట్టరికమొకటి కలదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిచేత బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచినది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు శిక్షకుడు ఆయనయే. తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి హైదరాబాదు ఆటగాండ్రు ఆ జట్టులో ఉండిరి. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియానే భారతదేశము 4-2 గోల్స్ తేడాతో ఓడించి, చివరకు నాల్గవ స్థానము పొందినది. ఒక బడిపంతులు తీర్చిన జట్టు అంత దూరము పోగలిగినదన్న మాట ఉపాధ్యాయులు మరువరానిది.

అదే ఒలింపిక్స్‌లో మెల్‌బోర్న్ ప్రజలు తమ సొంత ఆటను ప్రపంచమునకు చూపించినారు. పతకములు లేని ప్రదర్శనగా జరిగిన ఆ ఆట పేరు ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. దాని నిబంధనలు 1859లోనే మెల్‌బోర్న్‌లో లిఖింపబడినవి. మనమెరిగిన ఫుట్‌బాల్‌కును దీనికిని పోలిక స్వల్పము. మైదానము కోడిగ్రుడ్డు ఆకారములో నుండును. బంతియు అట్టిదే. బంతిని కాలితో తన్నవచ్చును, చేతులతో పట్టవచ్చును, ఒక అరచేతిలో నుంచి రెండవ చేతి పిడికిలితో గ్రుద్ది తోటివారికి అందింపవచ్చును. విసరుట మాత్రము నిషిద్ధము. రెండు కొనలయందును నాలుగేసి స్తంభములు నిలువుగా పాతియుండును. నడిమి రెంటి మధ్య నుండి బంతిని తన్నిన ఆరు పాయింట్లు, ప్రక్క సందులలో పోయిన ఒక్కటే పాయింటు. పురుషుల జట్టుకు పదునెనమండుగురు, స్త్రీల జట్టుకు పదునార్గురు మైదానములో నుందురు. పరుగు, ఎగురుట, ఢీకొనుట అన్నియు కలిసిన ఈ ఆటకు దేహదారుఢ్యమును ధైర్యమును రెండును కావలెను.

అట్టి ఆట స్త్రీలకు తగదని పెద్దలు చాలకాలము భావించినారు. కాని స్త్రీలకు ఆ ఆటపై మోజు లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలములో, 1915లోనే, పెర్త్ నగరములో దుకాణములలో పనిచేయు యువతులు జట్లుగా ఏర్పడి ఆడినారు. 1981లో విక్టోరియా రాష్ట్రములో స్త్రీల లీగ్ ఒకటి ఏర్పడినది. అయితే ఆ ఆటను వృత్తిగా స్వీకరించి, జీతము పుచ్చుకొని, ఇదియే నా పని అని చెప్పుకొనగల స్త్రీ 2017 వరకు ఆ దేశములో లేదు.

ఎరిన్ ఫిలిప్స్ 1985లో జన్మించినది. తండ్రి గ్రెగ్ ఫిలిప్స్ దక్షిణ ఆస్ట్రేలియాలో పేరుమోసిన ఆటగాడు. పోర్ట్ అడిలైడ్ జట్టు తరఫున ఎనిమిది విజేత జట్లలో ఆడిన ఘనత ఆయనది. ఇంట పుట్టిన ఆట కనుక కుమార్తెకును అబ్బినది. బాలుర జట్టులో బాలురతో సమానముగా ఆడినది. పదమూడేండ్లు నిండినవి. అంతటితో నిబంధన అడ్డు వచ్చినది. ఆ వయసు దాటిన బాలిక బాలురతో ఆడరాదు. బాలికలకు వేరుగా జట్టున్నదా అన్న, లేదు. ఆడరాదని ఎవరును ఆమెను కఠినముగా కసరలేదు. ఆడుటకు తావు మాత్రము మిగులలేదు. నిషేధముకంటె ఈ శూన్యమే క్రూరమైనది. నిషేధముపై తిరుగబడవచ్చును. శూన్యముతో పోరాడుట ఎట్లు?

ఆమె బాస్కెట్‌బాల్ చేపట్టినది. ఆ క్రీడలో స్త్రీలకు లీగులున్నవి, జీతములున్నవి, ఒలింపిక్స్ ఉన్నది. ఇరువది యొకటవ యేటికే అమెరికా వృత్తి లీగ్‌లో ప్రవేశించినది. 2006లో ప్రపంచ విజేతయైన ఆస్ట్రేలియా జట్టులో ఉన్నది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రజతపతకము పొందినది. 2012లో ఇండియానా, 2014లో ఫీనిక్స్ జట్లు అమెరికా లీగ్ విజేతలైనప్పుడు ఆ రెండింటను ఆమె ఉన్నది. ఒక క్రీడాకారిణి జీవితమునకు ఇంతకన్న ఏమి కావలెనని ఎవరైనను అడుగవచ్చును. కాని ఇది ఆమె మొదట కోరిన ఆట కాదు. తలుపు మూసిన ఇంటి ముందు నిలువలేక ప్రక్కయింటికి పోయి పేరు తెచ్చుకొన్నట్లయినది.

ఇంతలో విక్టోరియాలో మరి ముగ్గురు బాలికలు అదే గోడను ఢీకొన్నారు. వారిలో ఒకతె పెనీ క్యులా-రీడ్. బాలురతో ఆడవలదని నిర్వాహకులు ఆపగా, తమకు అన్యాయము జరిగినదని వారు రాష్ట్ర న్యాయమండలిని ఆశ్రయించినారు. 2004లో తీర్పు వెలువడినది. వారు కోరినదంతయు అందులో దక్కలేదు. పెద్ద వయసు బాలికలను బాలుర పోటీల నుండి తప్పించుట చెల్లుననియే మండలి తలచినది. అయినను ఆ వ్యాజ్యము వృథా కాలేదు. బాలురతో ఆడరాదన్న యెడల బాలికలు ఎవరితో ఆడవలెను అను ప్రశ్న బహిరంగమైనది. దానికి జవాబుగా ఆ యేడే అక్కడ బాలికల పోటీలు మొదలైనవి. ఈ పెనీయే పదమూడేండ్ల తరువాత, వృత్తి లీగ్ తొలి యేట, కాలింగ్‌వుడ్ జట్టు తరఫున మైదానములో దిగినది.

2017 ఫిబ్రవరి 3వ తేదీ సాయంకాలము. మెల్‌బోర్న్‌లోని ప్రిన్సెస్ పార్కులో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ స్త్రీల జట్ల నడుమ కొత్త లీగ్ తొలి ఆట. ప్రేక్షకులు 24,568 మంది చేరిన మీదట, ఇక చోటు లేదని ద్వారములు మూయవలసివచ్చినది. లోపలికి పోలేక బయట నిలిచినవారు వేలకొలది. స్త్రీల ఆటను చూచువారెవరు అని అన్ని దేశములలోను అడుగు ప్రశ్నకు ఆ మూసిన ద్వారములే సమాధానము చెప్పినవి.

ఎనిమిది జట్లతో మొదలైన ఆ లీగ్‌లో, అడిలైడ్ జట్టుకు నాయకత్వము వహించిన యిద్దరిలో ఎరిన్ ఫిలిప్స్ ఒకతె. అప్పటికామె వయసు ముప్పదియొకటి. ఇంట ఇద్దరు కవల పసికందులు. పదునెనిమిదేండ్లు ఆ ఆటకు దూరమైన మనిషి. సామాన్యముగా క్రీడాకారులు విశ్రాంతిని గూర్చి తలచు వయసది. ఆమెకో, అప్పుడే తెల్లవారినది. తొలి యేటనే అడిలైడ్ జట్టు విజేతయైనది. తుది పోరాటములో బ్రిస్బేన్‌పై గెలిచినది ఆరు పాయింట్ల తేడాతోనే. ఆ ఆటలో ఉత్తమురాలిగాను, లీగ్ మొత్తములో ఉత్తమురాలిగాను ఆమెయే ఎన్నికైనది.

2019 మార్చిలో జరిగిన తుది పోరాటమును చూచుటకు అడిలైడ్‌లో 53,034 మంది గుమిగూడినారు. ఆట నడుమ ఎరిన్ మోకాలిలోని స్నాయువు తెగి నేలకొరిగినది. ఆమెను బయటకు తీసికొనిపోవుచుండగా ప్రేక్షకులెల్లరు లేచి నిలిచి చప్పట్లు చరచినారు. జట్టు కార్ల్‌టన్‌పై నలుబదియైదు పాయింట్ల తేడాతో గెలిచినది. ఆట పూర్తి చేయలేకపోయినను ఆనాటి ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే దక్కినది. ఆ యేటి లీగ్ ఉత్తమురాలును మరల ఆమెయే. శస్త్రచికిత్స అనంతరము తిరిగి ఆడి, 2022 ఏప్రిల్‌లో మూడవ పర్యాయము విజేత జట్టులో నిలిచినది. ఆ తరువాత తండ్రి ఆడిన పోర్ట్ అడిలైడ్ స్త్రీల జట్టును ఏర్పరచగా దానికి తొలి నాయకురాలైనది. పదమూడేండ్ల బాలికకు ఏ ఇంటి ఆట దూరమైనదో, ముప్పదియేడేండ్ల స్త్రీ ఆ ఇంటికే నాయకురాలిగా తిరిగి వచ్చినది. 2023లో ఆట చాలించినది.

ఈ వృత్తాంతము వినుటకు మధురమే. కాని దీనియందు లెక్కకు రాని నష్టమొకటి దాగియున్నది. పదమూడు మొదలు ముప్పదియొకటి వరకు గల యేండ్లు క్రీడాకారుల జీవితములో పంట పండు కాలము. ఆమె ఆ కాలమంతయు తన సొంత ఆటకు వెలుపలనే గడచినది. ఆమెకు బాస్కెట్‌బాల్ చేయూతనిచ్చినది. రెండవ ఆటలో ప్రావీణ్యము లేని బాలికలు, ఆ గోడ దగ్గరనే ఆగి ఇంటికి మరలినవారు ఎందరో, వారి పేర్లు ఏ పట్టికలోను లేవు.

వృత్తి అను మాటకును విలువ కట్టి చూడవలెను. తొలి యేట సామాన్య క్రీడాకారిణికి లభించినది రమారమి 8,500 ఆస్ట్రేలియా డాలర్లు. పేరుగల కొందరికి 27,000. ఇవి జీవనమునకు చాలవు. మెల్‌బోర్న్ జట్టు నాయకురాలు డెయిసీ పియర్స్ ప్రసూతి శాలలో కాన్పులు చేయు నర్సు. పగలు ఉద్యోగము, సాయంకాలము సాధన. 2022లో కనీస వేతనము 20,239 డాలర్ల నుండి 39,184 డాలర్లకు పెరిగినది. అదే యేట జట్ల సంఖ్య పదునెనిమిదికి చేరినది. 2023 నాటి ఒప్పందముతో కొద్ది నెలల పని పోయి సంవత్సరము పొడుగునను సాగు ఉద్యోగమునకు దారి యేర్పడినది. చప్పట్లు తొలినాడే వచ్చినవి. జీతము మాత్రము ఏండ్ల తరబడి అడుగగా అడుగగా వచ్చినది.

ఇక మన నేలను చూతము. ఆ ఆట ఇక్కడ లేదు. కాని ఫుట్‌బాల్ ఉన్నది, దానిని వృత్తిగా చేసికొన్న తెలంగాణ యువతియు ఉన్నది. ఆమె పేరు గుగులోతు సౌమ్య. 2001లో జన్మించిన ఈమె నిజామాబాదు జిల్లాలోని ఒక లంబాడీ తండా బిడ్డ. అదే జిల్లా నుండి ప్రపంచ బాక్సింగ్ విజేత నిఖత్ జరీన్ వచ్చిన సంగతి విదితమే. నిఖత్‌కు తోడు మరి యొకరు ఉన్నారన్న మాట అంతగా ప్రచారము కాలేదు. బడిలో చదువు కాలములోనే సౌమ్య శిక్షకుడు గొట్టిపాటి నాగరాజు గారి చేతిలో పడినది. పెద్ద నగరములోని పెద్ద మైదానము కాదు ఆమెను తీర్చినది. ఒక జిల్లా కేంద్రములో, బాలికలను ప్రతిదినము మైదానమునకు రప్పించి ఆడించు ఒక మనిషి. మెల్‌బోర్న్‌కు జట్టును నడిపిన రహీం గారి పని, మరియొక చోట, మరియొక రూపమున సాగినదనవచ్చును.

2022లో సౌమ్య మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా దేశములోని డైనమో జాగ్రెబ్ జట్టులో చేరినది. ఐరోపాలో ఆడిన భారత క్రీడాకారిణులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. స్వదేశమునకు మరలి ఈస్ట్ బెంగాల్ పక్షమున ఆడినది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టుపై ఆమె సాధించిన ఏకైక గోల్‌తో ఈస్ట్ బెంగాల్ భారత మహిళా లీగ్ విజేతయైనది. ఆ యేటనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా సన్మానించినది. 2025 జులైలో భారత మహిళా జట్టు థాయిలాండ్‌ను వారి నేలపైననే 2-1 తేడాతో ఓడించి 2026 ఆసియా కప్పునకు అర్హత గడించినది. ఆ అర్హత పోటీల జట్టులో సౌమ్యయు ఉన్నది. ఆ కప్పునకు వేదిక ఆస్ట్రేలియాయే. 1956లో హైదరాబాదు బాలురు పోయిన దేశమునకు బాట వేసిన జట్టులో, దాదాపు డెబ్బది యేండ్లకు, ఒక తండా బాలికకు చోటు దొరకినది.

ఈ డెబ్బది యేండ్లను గూర్చి ఆలోచింపవలసియున్నది. బాలురకు 1956 నాటికే ఉండిన జట్లు, శిక్షకులు, పోటీలు బాలికలకు ఎంత ఆలస్యముగా వచ్చినవో ఈ లెక్కయే చెప్పును. జీతము సంగతియు అట్టిదే. మొదటి శ్రేణి మహిళా లీగ్‌లోని క్లబ్బులు కనీసము పదిమంది భారతీయ క్రీడాకారిణులకు సంవత్సరమునకు 3,20,000 రూపాయలకు తగ్గని ఒప్పందములు చేసికొనవలెనని సమాఖ్య 2023లో నిర్ణయించినది. నెలకు ఇరువదియేడు వేలకు లోపు. క్రీడాకారిణి తన ఆటతో కడుపు నింపుకొనవలెనను ఆలోచన ఇక్కడ ఇప్పుడిప్పుడే అంకురించుచున్నది.

ఎరిన్ ఫిలిప్స్‌కు మైదానము ఉన్నది, తండ్రి పేరు ఉన్నది, నైపుణ్యము ఉన్నది. లేనిది ఒక్కటే. పదమూడవ యేట చేరవలసిన జట్టు. సౌమ్యకు పేరుగల తండ్రి లేడు, పెద్ద నగరము లేదు. ఉన్నది ఒక్కటే. ఆ వయసులో చేయి పట్టి ఆడించిన శిక్షకుడు. ఈ రెండు జీవితములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన, ప్రతిభ ఎక్కడ పుట్టునో మనకు తెలియకపోయినను, ఎక్కడ ఆగిపోవునో తేటపడును. అది ఏడవ, ఎనిమిదవ తరగతుల మధ్య ఆగును. బాలిక కొంచెము పొడవు పెరిగినది, ఇక ఇంటిపట్టున ఉండవలెనని ఇంటివారందురు. ఆమెకు వేరు జట్టు లేదని బడివారందురు. ఎవరును కఠినులు కారు. అయినను ఆట ఆగిపోవును.

దీనిని మార్చుటకు ప్రిన్సెస్ పార్కంత మైదానము అక్కరలేదు. ఎనిమిదవ తరగతి బాలికలు పదునొకండుగురు, ఒక బంతి, వారమునకు రెండు సాయంకాలములు, ఎదుట ఆడుటకు మరియొక బడి నుండి మరి పదునొకండుగురు ఉన్న చాలును. ముఖ్యముగా, వచ్చే యేడును ఈ జట్టు ఉండునని వారికి నమ్మకముగా చెప్పగల ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో కావలెను. ఆ చివరి మాటయే అన్నింటికంటె విలువైనది. ఒక్క యేడు ఆడించి మానిన ఆట పదమూడవ యేట మూసిన తలుపు వంటిదే.

సాయంకాలము నాలుగు గంటలకు గన్‌ఫౌండ్రీలో బడిగంటలు మ్రోగును. బాలురును బాలికలును పుస్తకముల సంచులతో ఒకే వీథిలోనికి వత్తురు. మైదానము ఇరువురికి ఒకే దూరములో నున్నది. ఆ దూరమును నడచునది ఎవరో నిర్ణయించునది బడియే.